బఫర్ మారిస్తే రైఫిల్ మెత్తబడుతుందా? భుజాన్ని మాత్రం అడక్కండి

ఏఆర్-15 అనే సెమీ ఆటో రైఫిల్ (ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒకటే రౌండ్ పేలేది) కొన్నవాళ్ళకి చేతులు ఊరుకోవు. ముందు గ్రిప్ మారుస్తారు, తర్వాత స్టాక్, ఆ తర్వాత ట్రిగ్గర్, ఇవన్నీ అయ్యాక ఇంకేముందా అని వెతుకుతుంటే బఫర్ కంటబడుతుంది. స్టాక్ లోపలి గొట్టంలో స్ప్రింగ్‌తో పాటు దాక్కుని ఉండే చిన్న ముక్క, అరచేతిలో పడుతుంది, మార్చడానికి పెద్దగా పనిముట్లు కూడా అక్కర్లేదు. ఇక్కడ డాలస్ చుట్టుపక్కల రేంజ్‌లకి వెళ్ళే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది: "అన్నా, హెచ్2 బఫర్ వేస్తే కిక్ తగ్గుతుందా?" హెచ్2 అంటే బరువెక్కువున్న ఒక రకం బఫర్, కిక్ అంటే కాల్చగానే భుజానికి తగిలే వెనక తోపు. వెంటనే ముగ్గురు నలుగురు "సూపర్ స్మూత్ అయిపోయింది బ్రో, కళ్ళు మూసుకుని కొనెయ్" అని రాసేస్తారు. ఎలా టెస్ట్ చేశారో, ఏ తూటాలతో చేశారో, అంతకుముందు రైఫిల్ ఎలా ఉండేదో ఒక్కరూ రాయరు.

నా మాట ముందే చెప్పేస్తా. బఫర్ ఉన్నది మీ భుజం కోసం కాదు. బోల్ట్ క్యారియర్ (రైఫిల్ లోపల వెనక్కీ ముందుకీ జరిగే ఉక్కు ముక్క) ఎంత వేగంగా వెనక్కి పోవాలి, ఎప్పుడు తిరిగి రావాలి, వచ్చి మూసుకున్నాక ఎగిరిపడకుండా ఎలా నిలబడాలి, ఇదీ దాని పని. టైమింగ్ అన్నమాట. భుజానికి తెలిసే తేడా అస్సలు లేదనను గానీ, అది పైన మిగిలే చిల్లర. కాబట్టి బఫర్‌ని టెస్ట్ చేయడమంటే రైఫిల్ సరిగ్గా తిరుగుతోందా లేదా, అంటే ఖాళీ కేసు విసిరి కొత్త రౌండ్ ఎక్కించుకుంటోందా లేదా చూడటం, నాలుగు రౌండ్లు కాల్చి "ఆహా" అనుకోవడం కాదు.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక హెచ్చరిక, ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు తప్పకుండా ఉంటారు. నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టంలోనే ఉంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఫ్రెండ్ రైఫిల్ ఒక్కసారి చేతిలోకి తీసుకుంటే ఏమవుతుందిలే అనుకోకండి, గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తున్నవాళ్ళు అసలే అనుకోకండి, ముందు లాయర్‌ని అడగండి. నేను గ్రీన్ కార్డ్ వచ్చాకే ఈ సరదాలోకి దిగాను.

ఇక యంత్రం సంగతి. తూటా బ్యారెల్‌లో పోతుండగా గ్యాస్ పోర్ట్ అనే చిన్న రంధ్రం దాటుతుంది. ఆ రంధ్రంలోంచి కొంత గ్యాస్ పైన ఉన్న సన్నటి గొట్టం గుండా వెనక్కి వచ్చి బోల్ట్ క్యారియర్ లోపలికి దూరుతుంది, క్యారియర్‌ని వెనక్కి తోస్తుంది. క్యారియర్ వెనక్కి కదులుతూ, ఛాంబర్ అనే తూటా గదిని మూసి ఉంచే బోల్ట్‌ని తిప్పి తాళం విప్పుతుంది, ఖాళీ కేసుని (కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టం) బయటికి లాగుతుంది, విసిరేస్తుంది, రౌండ్‌ని పేల్చే సుత్తి లాంటి హ్యామర్‌ని మళ్ళీ ఎక్కిస్తుంది. ఈ ప్రయాణం మొత్తంలో దాని వెనకే ఉండి స్ప్రింగ్‌ని నొక్కుతూ పోయేది బఫర్. చివర్లో బఫర్ తోకకి ఉన్న పాలీయురేతేన్ ముక్క గొట్టం అడుగుని తాకుతుంది, అక్కడి నుంచి స్ప్రింగ్ అంతా ముందుకి తోసేస్తుంది, దారిలో క్యారియర్ కొత్త రౌండ్‌ని మ్యాగజీన్‌లోంచి లాక్కుని ఛాంబర్‌లోకి నెడుతుంది.

బఫర్ గట్టి కడ్డీ కాదు. అల్యూమినియం డొల్ల, లోపల అటూ ఇటూ జారే మూడు బరువులు, మధ్యలో రబ్బరు బిళ్ళలు. చెవి దగ్గర పెట్టి ఊపితే టక్ టక్ మంటుంది. ఆ జారడంలోనే ఉంది తెలివంతా. క్యారియర్ ముందుకొచ్చి ఠక్కున ఆగినప్పుడు అది వెంటనే వెనక్కి కాస్త ఎగరాలని చూస్తుంది. సరిగ్గా ఆ సమయానికి, ఆటో సడన్ బ్రేక్ వేస్తే వెనక కూర్చున్నవాళ్ళు ఒక్క క్షణం తర్వాత ముందుకొచ్చి పడ్డట్టు, లోపలి బరువులు ముందుకి వచ్చి గుద్దుతాయి, ఎగరబోయిన క్యారియర్ అక్కడే అణిగిపోతుంది. ఫుల్ ఆటో రైఫిల్‌లో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే క్యారియర్ ఎగిరి ఉన్న క్షణంలోనే హ్యామర్ పడితే దెబ్బ సరిగ్గా తగలక రౌండ్ పేలదు. సెమీ ఆటోలో మన వేలు ట్రిగ్గర్‌ని వదిలి మళ్ళీ నొక్కేలోపు ఈ గొడవంతా సద్దుమణిగిపోతుంది. అంటే "యాంటీ బౌన్స్" అని అట్ట మీద పెద్ద అక్షరాల్లో రాసి అమ్మే బఫర్లు మన రైఫిల్‌లో లేని రోగానికి మందు.

బరువుల లెక్క ఇదీ. మామూలు కార్బైన్ (పొట్టి రైఫిల్) బఫర్ 3 ఔన్సులు, అంటే 85 గ్రాములు, లోపల మూడూ ఉక్కు బరువులే. ఒక ఉక్కు ముక్క తీసి టంగ్‌స్టన్ ముక్క పెడితే అది హెచ్, 3.8 ఔన్సులు. రెండు మారిస్తే హెచ్2, 4.6 ఔన్సులు. మూడూ మారిస్తే హెచ్3, 5.4 ఔన్సులు. టంగ్‌స్టన్ ఉక్కు కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి సైజు మారకుండానే ఈ తేడా వస్తుంది. పొడుగు స్టాక్ ఉన్న రైఫిల్ బఫర్ వేరే జాతి, దాని బరువు 5 ఔన్సులకి కాస్త అటూ ఇటూ, పొడవు దాదాపు 6 అంగుళాలు, కార్బైన్‌ది మూడుంపావు.

ఇప్పుడు కిక్ తగ్గుతుందా అన్న ప్రశ్నకి లెక్కతోనే జవాబు చూడొచ్చు. 7 పౌండ్ల రైఫిల్ అంటే 3,175 గ్రాములు. మామూలు బఫర్ తీసి హెచ్2 వేస్తే పెరిగే బరువు 45 గ్రాములు. ఒకటిన్నర శాతం కూడా కాదు. తూటా, గ్యాస్ ముందుకి ఎంత మొమెంటం తీసుకుపోతాయో అంత మొమెంటం రైఫిల్‌కి వెనక్కి రావాల్సిందే, న్యూటన్ దగ్గర బేరాల్లేవు. 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలిచే చిన్న కొలత) 5.56 తూటాకి ఈ బరువు రైఫిల్‌లో రికాయిల్ శక్తి ఎలా లెక్కేసినా 4 ఫుట్ పౌండ్ల దగ్గరే తేలుతుంది, అసలు మొదటి నుంచీ అది చిన్న కిక్కే. బఫర్ చేయగలిగింది ఆ తోపుని కాస్త ఎక్కువ సమయం మీద పరచడం, క్యారియర్ వెనక గోడకి కొట్టే దెబ్బని తగ్గించడం. గ్యాస్ ఎక్కువైన రైఫిల్‌లో ఆ వెనక దెబ్బ పెద్దగా ఉంటుంది కాబట్టి తేడా తెలుస్తుంది. గ్యాస్ సరిపడా ఉన్న రైఫిల్‌లో వెతుక్కోవాల్సిందే.

ఇంకో సంగతి కూడా ఉంది, బరువు బఫర్ అమ్మేవాళ్ళు దీని జోలికి పోరు. బరువెక్కిన బఫర్ వెనక్కి మెల్లగా పోతుంది, సరే, కానీ ముందుకొచ్చి ఆగేటప్పుడు అంత బరువూ ముందుకే గుద్దుతుంది. రెడ్ డాట్‌లో (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) చూస్తూ కాలిస్తే బోల్ట్ మూసుకునే క్షణంలో చుక్క కిందికి ముంచుతుంది. అందుకే మ్యాచ్‌లు ఆడేవాళ్ళు చాలామంది ఇందుకు పూర్తిగా రివర్సులో వెళ్తారు: తేలిక క్యారియర్, తేలిక బఫర్, గ్యాస్‌ని స్క్రూతో తగ్గించుకునే గ్యాస్ బ్లాక్. కదిలే బరువే తక్కువైతే రైఫిల్ ఊగేదీ తక్కువే. కాకపోతే ఆ సెటప్ ఒకే రకం తూటాకి కుదుర్చుకున్నది, తూటా మారితే మొండికేస్తుంది.

బఫర్ బరువు అన్నది కిక్ కోసం పుట్టిన కథ కాదని చరిత్రలో కూడా ఉంది. ఏఆర్-15 రూపకర్త యూజీన్ స్టోనర్ డిజైన్ నుంచి వచ్చిన అమెరికా సైన్యం రైఫిల్ ఎం16కి మొదట్లో తూటాల్లో వాడిన పౌడర్ ఐఎంఆర్ 4475. 1964లో దాని బదులు డబ్ల్యూసీ 846 అనే బాల్ పౌడర్ తెచ్చారు. దాంతో పోర్ట్ దగ్గర గ్యాస్ ఒత్తిడి పెరిగింది, రైఫిల్ నిమిషానికి 850 రౌండ్లు దాటి తిరగడం మొదలెట్టింది, ముక్కలు విరగడం, కేసులు ఛాంబర్‌లో ఇరుక్కోవడం ఎక్కువయ్యాయి. వియత్నాంలో సైనికుల ప్రాణాల మీదికి తెచ్చిన ఆ జామ్‌లకి కారణాలు ఇంకా ఉన్నాయి, ఛాంబర్‌కి క్రోమ్ పూత లేకపోవడం, క్లీనింగ్ కిట్లు సరిగ్గా ఇవ్వకపోవడం లాంటివి, 1967లో అమెరికా కాంగ్రెస్ సబ్‌కమిటీ విచారణ దాకా పోయింది. అప్పటిదాకా వాడిన పాత రింగ్ స్ప్రింగ్ రకం బఫర్ తీసేసి లోపల జారే బరువులున్న బఫర్ తెచ్చింది ఈ గొడవల మధ్యే, తిరిగే వేగాన్ని కిందికి దించడానికి. ఈరోజు మనం కార్ట్‌లో వేసుకునే బఫర్లన్నీ దాని సంతానమే.

సరే, టెస్ట్ ఎలా చేయాలి? నేను రేంజ్‌కి వెళ్ళకముందే వంటింట్లో మొదలెడతా. ఛాంబర్ ఖాళీ, మ్యాగజీన్ బయట, ఇది కళ్ళతో చూసి వేలితో తడిమి మరీ నిర్ధారించుకున్నాకే రైఫిల్ విప్పడం. బఫర్‌ని పట్టి ఉంచే చిన్న పిన్నుని నొక్కేటప్పుడు బొటనవేలు బఫర్ మొహం మీద ఉంచండి, లేకపోతే స్ప్రింగ్‌తో సహా ఎగిరి ఫ్రిజ్ కింద దూరుతుంది. తర్వాత బఫర్‌ని కిచెన్ స్కేల్ మీద పెట్టండి. హెచ్2 అని కొన్నది 130 గ్రాములకి దగ్గరగా ఉండాలి, హెచ్ అయితే 108, హెచ్3 అయితే 153. నేను ఆన్‌లైన్‌లో చవగ్గా కొన్న ఒక "హెచ్2" స్కేల్ మీద హెచ్ బరువే తూగింది. తోకలోని రోల్ పిన్ కొట్టి తీసి చూస్తే లోపల ఒకటే టంగ్‌స్టన్ ముక్క. మొహం మీద మాత్రం హెచ్2 అని శుభ్రంగా చెక్కి ఉంది.

స్ప్రింగ్ కూడా కొలవాలి, దీన్ని అందరూ వదిలేస్తారు. కార్బైన్ స్ప్రింగ్ బయటికి తీసి నొక్కకుండా వదులుగా పెడితే 10 1/16 అంగుళాల నుంచి 11 1/4 అంగుళాల మధ్య ఉండాలి, రైఫిల్ స్ప్రింగ్ అయితే 11 3/4 నుంచి 13 1/2. అంతకన్నా పొట్టిదైతే అలిసిపోయినట్టే, పారేయండి. సగం సార్లు జనం బఫర్ మారిస్తే బాగుపడింది అనుకునేది నిజానికి కొత్త బఫర్‌తో పాటు వచ్చిన కొత్త స్ప్రింగ్ పుణ్యం. అందుకే ఒకసారికి ఒకటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే ఏది ఏం చేసిందో దేవుడికే తెలియాలి.

ఇంకా రెండు చూపులు. బఫర్ తోక రబ్బరు చీలిందా, రోల్ పిన్ బయటికి వస్తోందా చూడండి. రైఫిల్ మూసినప్పుడు క్యారియర్ బఫర్‌ని ఇందాక చెప్పిన ఆ పట్టి ఉంచే పిన్ను (రిటైనర్) మీద నుంచి ఒక వెంట్రుకవాసి వెనక్కి నెట్టాలి. బఫర్ ఆ పిన్నునే ఆనుకుని ఉంటే ప్రతి షాట్‌కీ దెబ్బ ఆ సన్నటి పిన్ను మీదే పడుతుంది, ఏదో ఒకరోజు విరిగి ట్రిగ్గర్ లోపల పడుతుంది.

మిక్స్ చేయడం గురించి గట్టిగా చెప్పాలి. పొడుగు రైఫిల్ గొట్టంలో పొట్టి కార్బైన్ బఫర్ వేస్తే చూడ్డానికి అంతా పడుతుంది, మూసుకుంటుంది కూడా, కానీ క్యారియర్ పోకూడనంత వెనక్కి పోయి దాని మీదున్న గ్యాస్ కీ (గ్యాస్ లోపలికి వచ్చే చిన్న మూతి) లోయర్ రిసీవర్‌కి, అంటే రైఫిల్ కింది భాగానికి గుద్దుకుంటుంది. వీల్టార్ కంపెనీ ఏ5 అనే ఇంకో పొడవు గొట్టంలోనూ అదే కథ, దాని బఫర్ దానికే. .308 రైఫిళ్ళలో అయితే ఆర్మలైట్ పద్ధతి, డీపీఎంఎస్ పద్ధతి వేర్వేరు, ఒకదాని బఫర్ ఇంకోదాంట్లో వేయొద్దు. 9 ఎంఎం కార్బైన్లలో క్యారియర్ ఎక్కువ వెనక్కి పోకుండా గొట్టం అడుగున పావలా డాలర్ నాణేలు పేర్చే అలవాటు ఇక్కడ ఉంది, నవ్వకండి, అది పనిచేస్తుంది.

రేంజ్‌లో నాకు కావాల్సింది ఒక నీలం టార్పాలిన్, చదునైన నేల, గాలి లేని ఉదయం. ఇండోర్ రేంజ్‌లో కుదరదు, పక్కనున్న పార్టిషన్‌కి తగిలి కేసులు ఎటుపడితే అటు పోతాయి. రైఫిల్ గురి 12 గంటల వైపు అనుకుంటే ఖాళీ కేసులు మూడు నుంచి నాలుగున్నర మధ్య పడాలి. ఒకటి, రెండు గంటల వైపు ముందుకి పడుతున్నాయంటే క్యారియర్ వేగం ఎక్కువైంది, గ్యాస్ ఎక్కువ. అయిదు గంటల వైపు నీరసంగా జారిపడుతున్నాయంటే తక్కువైంది. ఇది ఉజ్జాయింపే, ఎక్స్‌ట్రాక్టర్ (కేసుని బయటికి లాగే గోరు) స్ప్రింగ్, ఎజెక్టర్ (కేసుని విసిరేసే పిన్ను) స్ప్రింగ్, కేసు తగిలే ఆ పక్క గూడు, ఇవన్నీ దీన్ని మార్చగలవు. కానీ అదే రైఫిల్‌లో, అవే తూటాలతో, బఫర్ ఒక్కటే మార్చి కాలిస్తే ఆ కుప్ప ఎటు జరిగిందన్నది నిజమే చెబుతుంది.

నా 16 అంగుళాల బ్యారెల్, కార్బైన్ పొడవు గ్యాస్ (గ్యాస్ పోర్ట్ దగ్గరగా ఉండే పొట్టి గొట్టం) ఉన్న రైఫిల్‌లో అది కళ్ళకి కట్టినట్టు కనబడింది. మామూలు బఫర్‌తో కేసులు టార్పాలిన్ ముందు అంచు దాటి గడ్డిలో పడ్డాయి. హెచ్ వేస్తే మూడు గంటలకి వచ్చాయి. హెచ్2 తో మూడున్నర నాలుగు మధ్య, ఒక చాపంత జాగాలో, చక్కగా ఒకే కుప్ప.

తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఆ కేసులు ఏరి చూడటం, నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన భాగం ఇదే. లేక్ సిటీ అనే ఫ్యాక్టరీలో చేసిన కేసు అడుగున ఎల్‌సీ అన్న అక్షరాలు, సంవత్సరం అంకెలు ఉంటాయి. మామూలు బఫర్‌తో కాల్చిన కేసుల్లో ఆ అక్షరాల మీదుగా ఇత్తడి రాసుకుపోయి మెరుస్తున్న ఒక గీత ఉంది, బోల్ట్ ఇంకా ఒత్తిడి పూర్తిగా దిగకముందే తిరగడం మొదలెట్టిందని దానర్థం. అంచు మీద ఎక్స్‌ట్రాక్టర్ గోరు పట్టిన చోట ఇత్తడి పైకి లేచింది, గోటితో తడిమితే గుచ్చుకుంటుంది. హెచ్2 తో కాల్చిన వాటిలో గీత పలచబడింది, అంచు నున్నగా ఉంది. ఒత్తిడి మరీ ఎక్కువున్న తూటాలు కూడా ఇలాంటి గీత పెడతాయి కాబట్టి, రెండు కుప్పలూ ఒకే డబ్బాలోని తూటాలైతేనే ఈ పోలికకి విలువ.

బరువు పెంచితే బాగుంది కదా అని అక్కడ ఆగకూడదు, ఎక్కడ చెడుతుందో చూడాలి. మ్యాగజీన్‌లో ఒకే ఒక్క రౌండ్ పెట్టి కాల్చండి, బోల్ట్ వెనక్కి పోయి అక్కడే తెరుచుకుని ఆగాలి. గట్టి 5.56 తూటాలతో కాదు, మీ దగ్గరున్న వాటిలో అతి నీరసమైన .223 తో (5.56 సైజే, ఒత్తిడి తక్కువ) చేయండి. నా రైఫిల్ హెచ్3 తో 5.56 మీద ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు, చవక .223 వేసేసరికి అప్పుడప్పుడూ ఖాళీ ఛాంబర్ మీద మూసుకోవడం మొదలెట్టింది. అంటే హెచ్3 దానికి ఎక్కువ. చలికాలంలో పౌడర్ ఒత్తిడి తగ్గుతుంది, నూనె చిక్కబడుతుంది, కాబట్టి ఆగస్టు ఎండలో అంచు మీద పాసైన సెటప్ జనవరి ఉదయం ఫెయిలవుతుంది. మురికి పట్టినప్పుడూ అంతే. కొంచెం మిగులు ఉంచుకోవాలి.

ఇక్కడ చాలామందిని తికమక పెట్టే చోటు ఒకటుంది. చివరి రౌండ్ తర్వాత బోల్ట్ ఆగలేదు, లేదా తర్వాతి రౌండ్‌ని ఎక్కించకుండా దాటిపోయింది అనుకోండి. వెంటనే "షార్ట్ స్ట్రోక్ (క్యారియర్ పూర్తిగా వెనక్కి పోలేదు), బఫర్ తేలిక చెయ్" అంటారు. కానీ గ్యాస్ మరీ ఎక్కువైనా ఇదే జరుగుతుంది. క్యారియర్ ఎంత వేగంగా పోయి వచ్చేస్తుందంటే, మ్యాగజీన్ స్ప్రింగ్ రౌండ్‌ని పైకి లేపేలోపు, లేదా బోల్ట్‌ని తెరిచి పట్టే బోల్ట్ క్యాచ్ లేచేలోపు అది దాటేస్తుంది. రోగ లక్షణం ఒకటే, కారణాలు మాత్రం ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం. అప్పుడు కేసులు ఎటు పడుతున్నాయో చూడండి. ముందుకి పడుతూ ఇలా జరుగుతుంటే బఫర్ బరువు పెంచాలి, వెనక్కి జారుతూ జరుగుతుంటే తగ్గించాలి. మ్యాగజీన్ మార్చి చూడటం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని, ఎందుకంటే సగం నేరాలు దానివే.

ఇక భుజం పరీక్ష. మా బావమరిది కూడా ఇక్కడే ఉంటాడు, వాడికి తన భుజం మీద అపార నమ్మకం. "బావా, ఏ బఫరో చేత్తో ముట్టుకోకుండా చెప్పేస్తా" అన్నాడు. సరే రా చూద్దాం అని వాడిని అటు తిరగమని నేను బఫర్లు మారుస్తూ పోయాను, కొన్నిసార్లు విప్పి మళ్ళీ అదే పెట్టాను. ప్రతిసారీ అయిదేసి రౌండ్లు. మామూలు బఫర్‌కీ హెచ్3 కీ తేడా వరకూ బాగానే పట్టుకున్నాడు. హెచ్‌కీ హెచ్2 కీ మధ్య బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. అసలు మజా చివర్లో. బఫర్ ముట్టుకోకుండా మ్యాగజీన్‌లో మాత్రం 5.56 తీసి మెత్తటి .223 పెట్టి ఇచ్చాను. కాల్చి వెనక్కి తిరిగి, మొహం వెలిగిపోతూ, "ఇదీ హెచ్3 అంటే! కదా బావా?" అన్నాడు. లోపల ఉన్నది మామూలు బఫర్. "నీ భుజానికి తూటా డబ్బా వాసన కూడా తెలియదురా" అన్నాను, సాయంత్రం దాకా మాట్లాడలేదు.

వాడిని ఏడిపించడానికి చెప్పడం లేదు. ఆ రోజు తేలింది ఏంటంటే, తూటా మారిస్తే వచ్చే తేడా బఫర్ ఒక మెట్టు మారిస్తే వచ్చే తేడా కన్నా భుజానికి ఎక్కువ తెలుస్తుంది. కాబట్టి పోయిన వారం ఒక డబ్బా తూటాలతో పాత బఫరూ, ఈ వారం ఇంకో డబ్బాతో కొత్త బఫరూ కాల్చి రాసే రివ్యూలకి విలువ లేదు.

ఫోన్ స్లో మోషన్ గురించి కూడా అడుగుతారు. సెకనుకి 240 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్ 4 మిల్లీసెకన్ల పైచిలుకు. రైఫిల్ నిమిషానికి 750 రౌండ్ల వేగంతో తిరిగేదైతే ఒక చుట్టు 80 మిల్లీసెకన్లు, అంటే మీకు 19 ఫ్రేములు దొరుకుతాయి. కేసు ఎటు పోయిందో, మూతి ఎంత లేచిందో, ఎప్పుడు స్థిమితపడిందో చూడటానికి ధారాళంగా చాలు. క్యారియర్ ఎగిరిపడటం మాత్రం అందులో కనబడదు, కనబడింది అని వీడియో పెట్టేవాళ్ళని నమ్మకండి.

ఇంత చేశాక కూడా నా అభిప్రాయం, గ్యాస్ ఎక్కువైన రైఫిల్‌కి బఫర్ పైపూత మందే. చాలా కంపెనీలు చవక తూటాతో కూడా తిరగాలని పోర్ట్ పెద్దగా తొలుస్తాయి. సైన్యం ఎం4 లో పోర్ట్ 0.062 అంగుళాలు, బయట దొరికే కార్బైన్లలో అంతకన్నా పెద్దవి మామూలే. బరువు బఫర్ ఆ అదనపు గ్యాస్‌ని ఓర్చుకుంటుంది, తగ్గించదు. సైలెన్సర్ పెడితే వెనక్కొచ్చే గ్యాస్ ఇంకా పెరుగుతుంది. అడ్జస్టబుల్ గ్యాస్ బ్లాక్ పెట్టి గ్యాస్‌ని మూలంలోనే కోసేసి, ఆ తర్వాత బఫర్‌తో చిన్న సర్దుబాటు చేసుకోవడం సరైన వరస. మా బావమరిది రైఫిల్ మిడ్ లెంగ్త్ గ్యాస్‌ది, పోర్ట్ దూరంగా ఉంటుంది కాబట్టి ఒత్తిడి ముందే తగ్గి వస్తుంది. అది హెచ్ తోనే హాయిగా తిరుగుతోంది, దానికి ఇంకేమీ కొనక్కర్లేదు. కొన్నాడనుకోండి, అది వేరే విషయం.

రబ్బరు ప్యాడ్ల సంగతి కూడా చెప్పేస్తా, వాటినీ రికాయిల్ బఫర్లనే అమ్ముతారు. అన్నిట్లోకీ నాకు నచ్చింది 1964 నుంచీ వస్తున్న రూగర్ 10/22 అనే చిన్న .22 రైఫిల్‌ది. దాంట్లో బోల్ట్ వెనక్కొచ్చి ఒక ఉక్కు పిన్నుకి కొట్టుకుంటుంది. ఆ పిన్ను తీసి పాలీయురేతేన్ పిన్ను పెడితే ఖణేల్ మనే చప్పుడు పోతుంది, అంతే. .22 కి అసలు కిక్కే లేదు కాబట్టి కిక్ తగ్గిందని ఎవరూ కోతలు కోయరు. ఏకే ప్యాడ్లు అలా కాదు. క్యారియర్ వెనక ట్రనియన్‌కి (రైఫిల్ వెనక గట్టి ఉక్కు దిమ్మ) కొట్టే దెబ్బని అవి తీసుకుంటాయి, నిజమే, కానీ క్యారియర్ ప్రయాణాన్ని కొన్ని మిల్లీమీటర్లు తగ్గిస్తాయి. ఏకేకి అదనపు ప్రయాణం బోలెడంత ఉంది కాబట్టి ఎక్కువగా తట్టుకుంటుంది. ఖాళీ అయ్యాక బోల్ట్ తెరిచి పట్టే రైఫిళ్ళలో, ఉదాహరణకి ఎస్‌కేఎస్ అనే పాత రష్యన్ రైఫిల్‌లో, ప్యాడ్ వేశాక ముందు చేత్తో లాగి బోల్ట్ ఇంకా ఆగుతోందా చూడండి. అంచు మీద ఆగుతుంటే తీసేయండి. ప్యాడ్ వేసుకున్నవాళ్ళు ప్రతి క్లీనింగ్‌కీ అది చిట్లిందేమో చూడాలి, చిట్లిన రబ్బరు ముక్క ట్రిగ్గర్ లోపలికే పోతుంది.

గ్రూపులో నన్ను అడగాలనుకునేవాళ్ళు దయచేసి "కిక్ ఎక్కువుంది, ఏం కొనాలి" అని ఒక్క లైన్ రాయకండి. బ్యారెల్ పొడవు, గ్యాస్ పొడవు, ఏ తూటా, స్కేల్ మీద బఫర్ బరువు, స్ప్రింగ్ పొడవు, కేసులు ఎన్ని గంటల వైపు పడుతున్నాయి, నీరసమైన .223 తో బోల్ట్ ఆగుతోందా, ఇవి రాయండి. కేసు అడుగు ఫోటో ఒకటి దగ్గర్నుంచి తీసి పెడితే ఇంకా మంచిది.